మూడో వీధి మార్కులు

7వ నెల, 4

ఈ పుస్తకం ఓదెలు సారు ఇచ్చింది కాదు. ఆయన ఇచ్చింది చుక్కల రిజిస్టరు, దానికి ఎర్ర అట్ట ఉంటుంది. ఇది స్టోర్‌లో అడిగి తెచ్చుకున్న ఖాళీ పుస్తకం. ఎర్ర అట్ట పుస్తకంలో రాయలేనివి ఇందులో రాస్తాను. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, తప్పులుంటాయి.

నా పని చుక్కలు వేయడం. అరవై దాటిన ప్రతి మనిషికీ పొద్దున్నే నాలుక మీద ఆరు చుక్కలు వేయాలి, మింగేదాకా చూడాలి. పైన ఎండకు తట్టుకోలేక మా పెద్దవాళ్ళు ఈ పాత బొగ్గు గనిలోకి దిగి యాభై రెండేళ్ళయింది. ఎండ ఎక్కువై దిగినవాళ్ళం, ఇప్పుడు ఎండ లేక చుక్కలు తాగుతున్నాం. వాటిలో డి విటమిన్ ఉంటుంది, బి-పన్నెండు ఉంటుంది, నాకు పేర్లు తెలియనివి ఇంకొన్ని ఉంటాయి. అవి ఆగితే ముందు ఎముకలు పోతాయని, తర్వాత మతి పోతుందని ఓదెలు సారు మొదటిరోజే చెప్పాడు. చుక్కల మనుషులందరికీ ఆయనే పెద్ద.

నావి మూడు వీధులు. మొదటిది మాది, గోదావరి పక్క ఊళ్ళ నుంచి దిగినవాళ్ళది. రెండోది నార్వే నుంచి సొరంగాలు తవ్వడానికొచ్చి ఉండిపోయినవాళ్ళది. మూడోది మొజాంబిక్ వాళ్ళది. వాళ్ళ ఊరిని సముద్రం మింగేస్తే ఓడలెక్కి వచ్చారు. నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళని గని పంపులన్నీ వాళ్ళకు అప్పజెప్పారు. ఇప్పుడు మాట అందరిదీ ఒకటే. రెండో వీధి పిల్లలు తెల్లటి వెంట్రుకలేసుకుని మా యాసలోనే తిట్టుకుంటారు.

ఇవాళ మూడో వీధిలో సెలెస్తవ్వ నోరు తెరిచి, చుక్కలు పడ్డాక మూసి, నా చెయ్యి పట్టుకుంది. ఆమెకు డెబ్బై నాలుగు. అసలు పేరు సెలెస్తినా. ఆ వీధికంతటికీ పెద్ద. ఇప్పటికీ రోజూ పంపు దగ్గర డ్యూటీ చేస్తుంది.

"నీ చెయ్యి ఎప్పుడు ఉరుకులాడ్తనే ఉంటది బిడ్డా. నాకు ఏడు ఏస్తవ్, పక్కింటామెకు ఐదు ఏస్తవ్. ఎవల మీద కోపం రా నీకు?"

నవ్వాను. ఎర్ర అట్ట పుస్తకంలో ఆరు అని రాశాను. చుక్కల విషయంలో నిజంగానే ఆరు వేశాను. అది మాత్రం నిజం.

7వ నెల, 5

నిన్న రాయలేనిది ఇవాళ రాస్తాను.

చుక్కలు కాక నాకు ఇంకో పని ఉంది. నెలకోసారి పెద్దవాళ్ళందరికీ మతి పరీక్ష పెట్టాలి. పది మాటలు చదివి వినిపిస్తాను. గిన్నె, తాడు, ఉప్పు, రెక్క, దువ్వెన, ఇలాంటివి. ఇరవై నిమిషాలాగి ఎన్ని గుర్తున్నాయో అడుగుతాను. ఎన్ని చెబితే అన్ని మార్కులు. ఆ మార్కులు పై లెవెల్‌లో ఉండే సిగ్రిడ్ డాక్టరమ్మ దగ్గరికి పోతాయి.

మా వీధిలో పది మాటలు చెప్పేసి నా దారిన నేను పోతాను. అరడజను ఇళ్ళు తిరిగి వెనక్కొస్తాను. రెండో వీధిలో వాళ్ళే గడియారం చూపించి వెళ్ళి రమ్మంటారు. మూడో వీధిలో అది కుదరదు. అక్కడ పెద్దమనిషిని ఏదైనా అడిగితే, జవాబు వచ్చేదాకా అడిగినవాడు లేవకూడదు. లేచాడంటే నీ జవాబు నాకు అక్కర్లేదు అని మొహం మీద అన్నట్టే. ఆ వీధిలో అరవై దాటినవాళ్ళు నలభై ఆరుగురు. ఒక్కొక్కరి దగ్గర ఇరవై నిమిషాలు.

నేను బడి మానేసిందే కూర్చోలేక.

మొదటి మూడు నెలలు కూర్చున్నాను. నాలుగో నెల, అంటే నిరుడు ఎనిమిదో నెలలో, ఒక ముసలాయన ఇరవై నిమిషాలూ ఒక్క మాట మాట్లాడకుండా నన్నే చూస్తూ ఉన్నాడు. గడియారం ముల్లు జరగదు. కాళ్ళలో చీమలు పాకుతున్నట్టుంది. ఆయన జవాబు తీసుకుని, పక్కింటికి వెళ్ళకుండా క్యాంటీన్‌కి వెళ్ళాను. అక్కడ టీ తాగుతూ మిగిలినవాళ్ళందరి మార్కులూ రాసేశాను. అంతకుముందు నెలవి చూసి ఒకరికి ఒకటి పెంచాను, ఒకరికి ఒకటి తగ్గించాను. తర్వాత నెల పెంచినవి తగ్గించాను, తగ్గించినవి పెంచాను. చూస్తే చాలా సహజంగా ఉన్నాయి. ఆ నెల నుంచి ఒక్కరిని కూడా అడగలేదు.

వాళ్ళూ పరీక్ష ఏదని అడగలేదు. పొద్దున్నే చుక్కలు వేస్తూ మాట్లాడించేదే పరీక్ష అనుకుని ఉంటారు.

మార్కుల వల్ల ఎవరికేం నష్టం అనుకున్నాను. చుక్కలు వేస్తున్నాను కదా.

7వ నెల, 19

చుక్కలు తయారయ్యే నాచు తొట్లు రెండు. వాటిలో చిన్నది పురుగు పట్టి చచ్చిపోయింది. మళ్ళీ పెంచడానికి ఏడాది పడుతుందట. ఇవాళ అందర్నీ గని దీపాలు దాచే లాంప్ రూమ్ ముందు కూర్చోబెట్టి సిగ్రిడ్ డాక్టరమ్మ ఆ సంగతి చెప్పింది. ఆమె రెండో వీధి మనిషే, ఇక్కడే పుట్టింది, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడుతుంది. అబద్ధం చెప్పే రకం కాదు. అదే నా ఖర్మ.

పెద్ద కాగితం గోడకు అంటించింది. దాని మీద మూడు గీతలు. మా వీధి గీత ఏడాదిగా కిందికి దిగుతోంది. రెండో వీధిదీ అంతే. చచ్చిపోయిన తొట్టి ఎప్పటి నుంచో నీరసపడుతూ వచ్చిందట, చుక్కల్లో బలం తగ్గుతూ వచ్చిందట. మూడో వీధి గీత మాత్రం బల్లపరిచినట్టు సాపుగా ఉంది.

"అందరికీ లోటు ఒకేలా ఉంటుందనుకున్నాం," అంది డాక్టరమ్మ. "కానీ మూడో వీధివాళ్ళు తక్కువ బలంతో కూడా నిలబడ్డారు. వాళ్ళ శరీరం దీన్ని వేరేగా దాచుకుంటోందేమో. ఎవరికో ఒకరికి తగ్గించక తప్పదు కాబట్టి అడుగుతున్నాను."

ఆ సాపు గీత నా టీ గ్లాసు పక్కన పుట్టింది.

మా వీధివాళ్ళలో వెనకనుంచి ఒకాయన, వాళ్ళ నెత్తురే అంత, నల్లోళ్ళు గట్టోళ్ళని మా నాయిన అప్పుడే చెప్పిండు అన్నాడు. నవ్వులు. మూడో వీధివాళ్ళూ నవ్వారు. నవ్వి కొంచెం సర్దుకుని నిటారుగా కూర్చున్నారు. యాభై రెండేళ్ళుగా వాళ్ళను బురదోళ్ళు, పంపోళ్ళు అన్నవాళ్ళే ఇవాళ మెచ్చుకుంటున్నారు మరి.

అప్పుడు సెలెస్తవ్వ లేచింది. తలగుడ్డ సరిచేసుకుంది.

"మా మూడు చుక్కలు తీస్కోండ్రి. మాది ఉప్పునీళ్ళు తాగిన నెత్తురు. మాకు సగం సాలు."

చప్పట్లు కొట్టారు. మా తాత లస్మయ్య కూడా కర్ర పక్కన పెట్టి మరీ కొట్టాడు. సెలెస్తవ్వ కూర్చుంటూ జనంలో నన్ను వెతికి పట్టుకుని తల ఊపింది. మార్కులు వేసేవాణ్ణి కదా, ఈ గొప్పలో నాకూ వాటా ఉందన్నట్టు.

నోరు తెరిస్తే అయిపోయేది. ఆ మార్కులు నేనే రాశానని చెప్పడానికి ఊపిరి కూడా ఎక్కువ పట్టదు. చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను. సభ అయిపోయింది.

8వ నెల, 2

మూడో వీధిలో మూడేసి చుక్కలు మొదలై పది రోజులు. సీసాలు వీధివారీగా కొలిచి ఇస్తారు. నిన్న ఉండబట్టలేక సెలెస్తవ్వకు నాలుగు వేశాను. వీధి చివర ఆఖరి ఇంట్లో ముసలామెకు రెండే మిగిలాయి. ఆమె నోరు తెరుచుకుని మూడోదాని కోసం చూస్తూనే ఉంది. అయిపోయిందవ్వా అన్నాను. మంచిది బిడ్డా అంది.

ఇంకెప్పుడూ అలా చేయను. ఒకరికి చేసిన తప్పు ఇంకొకరి నోట్లోంచి తీసి దిద్దుకోవడం కూడా తప్పే.

ఇంటికొచ్చి తాతకు ఆరు వేశాను. అమ్మానాన్న లేని నన్ను పెంచింది ఆయనే. ఈ మధ్య ఆయన నన్ను పేరు తప్పు లేకుండా పిలుస్తున్నాడు, మందు పనిచేస్తోందని వీధంతా చెబుతున్నాడు. ఆరోదానికి ఎందుకాగావురా మొగిలీ అని అడిగాడు. సీసా బరువుగా ఉందన్నాను. అది నా బొటనవేలంత సీసా.

8వ నెల, 27

కింది లెవెల్‌లో సంపు ఉంది. గనిలో ఊరే నీళ్ళన్నీ చేరే గుంత అది. దాని పక్కన ఐదు వాల్వులు. నీళ్ళ మట్టాన్ని బట్టి ఏది ముందు, ఏది తర్వాత అని ఒక వరస ఉంటుంది. ఆ వరస ఎక్కడా రాసి లేదు. సెలెస్తవ్వ తలలో ఉంటుంది, ఆమె కూతురు ఇల్దక్క నేర్చుకుంటోంది.

ఇల్దక్కకు జ్వరమొచ్చిందని నన్ను తోడు పంపారు. సెలెస్తవ్వ రెండో వాల్వు తిప్పింది. ఐదోది తిప్పింది. తర్వాత చక్రం మీద చెయ్యి వేసి ఆగిపోయింది. చాలాసేపు. నీళ్ళు చప్పుడు చేస్తున్నాయి. ఇది బిగుసుకుపోయింది అంది. నేను పట్టుకుని చూశాను. వదులుగానే ఉంది.

అప్పుడు గమనించాను. ఐదు వాల్వులకూ ఐదు రంగుల గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. ఒకదానికి ఒక ముడి, ఇంకోదానికి రెండు ముడులు, అలా. ఎందుకవ్వా అన్నాను.

"ఆడపిల్లలు గదరా ఇవి. రిబ్బన్లు గట్టిన."

మేమిద్దరం నవ్వాం. ఆమె ముడులు లెక్కపెట్టుకుంటూ తర్వాతి వాల్వు తిప్పింది. ఇల్దక్కకు చెప్పొద్దని నాకు చెప్పలేదు. చెప్పనని ఆమెకు తెలుసు. నేను చెప్పే రకం కాదని నా మొహం మీదే రాసి ఉందేమో.

9వ నెల, 6

ఇవాళ సెలెస్తవ్వకు నిజంగా పరీక్ష పెట్టాను.

నేనే వెళ్ళి, పది మాటలు చదివి, ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చున్నాను. లేవలేదు. ఆమె తన ఊరి సంగతి చెప్పింది. వాళ్ళింటి ముందు పడవలు కట్టేవాళ్ళట, పోటు వచ్చినప్పుడు అవి గుమ్మం ఎత్తుకు లేచేవట. ఇరవై నిమిషాలు ఎప్పుడయ్యాయో తెలియలేదు. కూర్చోవడం ఇంత సులభమా అని నామీద నాకే అసహ్యమేసింది.

అడిగాను. గిన్నె అంది. కొంచెం ఆగి, తాడు అంది. ఇంకా ఆగి, పడవ అంది. పడవ లేదు నా మాటల్లో. మళ్ళీ గిన్నె అంది. ఆఖరికి ఉప్పు అంది.

"ఎన్నొచ్చినయ్ రా?"

"ఎనిమిదవ్వా."

"సూసినవా," అంది. మోకాళ్ళ మీద చేతులు చరిచింది.

ఎర్ర అట్ట పుస్తకంలో ఎనిమిది వేశాను. మూడు వేస్తే డాక్టరమ్మ వెంటనే దిగొస్తుంది, వీధి మొత్తాన్ని మళ్ళీ పరీక్షిస్తుంది, నా సంగతి బయటపడుతుంది. అదంతా పెన్ను పట్టుకున్న ఒక్క క్షణంలోనే నాకు తోచింది. ఇలాంటి వాటికి నా బుర్ర బాగా పనిచేస్తుంది.

10వ నెల, 11

సంపు పొంగింది. మూడో వీధిలో మోకాలు లోతు నీళ్ళు. మధ్యాహ్నం అన్నాలవేళ వచ్చాయి కాబట్టి అందరూ మెలకువగా ఉన్నారు, ముసలివాళ్ళను వీపుల మీద ఎక్కించుకుని మా వీధికి తెచ్చారు. నేనూ ఇద్దరిని మోశాను. ఎవరూ చావలేదు. పరుపులు, గింజలు, పొయ్యిలు పోయాయి.

డ్యూటీలో ఉన్నది సెలెస్తవ్వ. మూయాల్సిన వాల్వు తెరిచింది. ఇల్దక్క పరిగెత్తుకుని వెళ్ళేసరికి నడుము లోతు నీళ్ళలో నిలబడి, ముడులు వేసిన గుడ్డపీలికలను ఒక్కొక్కటిగా విప్పుతోందట. తడిసి ముడులు బిగుసుకుపోతే లెక్క తెలియక విప్పుతోంది. అది నాకు తెలుసు. ఇల్దక్కకు తెలియదు. ఆమెకు కనిపించింది నీళ్ళలో నిలబడి గుడ్డలతో ఆడుకుంటున్న తల్లి.

సాయంత్రానికి గనంతా ఒకటే మాట. ముసల్ది తాగింది.

10వ నెల, 13

విచారణ లాంప్ రూమ్ ముందే పెట్టారు. ఓదెలు సారు, డాక్టరమ్మ, వీధికి ఇద్దరు పెద్దలు. చూడ్డానికి వచ్చినవాళ్ళు వందమందికి పైనే.

ఇల్దక్క తల్లి తరఫున మాట్లాడింది. అమ్మ ఈ మధ్య మరుస్తోందని, అన్నం తిన్న సంగతి కూడా ఒకసారి మరిచిందని, చుక్కలు సగం చేసినప్పటి నుంచే ఇలా ఉందని చెప్పింది. ఓదెలు సారు ఎర్ర అట్ట పుస్తకం తెరిచాడు. ఆయన దుర్మార్గుడేం కాదు. పుస్తకంలో ఉన్నదే చదివాడు. ఏడో నెల తొమ్మిది, ఎనిమిదో నెల తొమ్మిది, పోయిన నెల ఎనిమిది. మా గనిలో అరవై ఏళ్ళవాళ్ళకు కూడా ఇన్ని రావడం లేదమ్మా అన్నాడు. మతి ఇంత బాగున్న మనిషి వాల్వు ఎలా మరిచిపోతుంది? మరుపు కాకపోతే ఇంకేమిటి?

మా వీధిలోంచి ఎవరో, సారా వాసన గట్టిగనే వస్తది గని ఉప్పునీళ్ళ నెత్తురుకు తెల్వదేమో అన్నారు. మూడు నెలల కింద చప్పట్లు కొట్టిన జనమే ఇవాళ నవ్వారు.

ఓదెలు సారు సెలెస్తవ్వనే అడిగాడు, తాగావా అని. ఆమె తలగుడ్డ కొస పట్టుకుని తిప్పుతూ ఉంది. ఆమె జీవితంలో గ్లాసు ముట్టిన మనిషి కాదు, అది ఆ వీధిలో అందరికీ తెలుసు.

"నాకు యాదికి లేదు సారూ. గని తాగే ఉంట. లేకుంటే గట్లెట్ల జేస్త? మార్కులు మంచిగనే ఉన్నయి గదా."

ఇల్దక్క తల్లి వైపు తిరిగింది. ఆ మొహం నేను చూడలేకపోయాను.

లేచాను. ఎలా లేచానో తెలియదు, నా ముందు కూర్చున్నవాడి భుజం పట్టుకుని లేచినట్టున్నాను.

"ఆమె తాగలే. ఆ మార్కులు దొంగవి. నేనే రాసిన."

ఓదెలు సారు కూర్చోమన్నాడు. నేను ముసలామె మీద జాలితో అంటున్నాననుకున్నాడు. కూర్చోలేదు. క్యాంటీన్ గురించి చెప్పాను. ఒకటి పెంచి ఒకటి తగ్గించడం గురించి చెప్పాను. పోయిన నెల ఆమెకు వచ్చింది మూడని, నేను వేసింది ఎనిమిదని చెప్పాను. గుడ్డపీలికల గురించి కూడా చెప్పాను.

"మా అమ్మయి ఒక్కదానియేనా?" అంది ఇల్దక్క.

"అందరియి అక్కా. నలభై ఆరుమందియి."

"ఎప్పటి సంది?"

"నిరుడు ఎనిమిదో నెల సంది."

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. పద్నాలుగు దగ్గర ఆగింది. నా దగ్గరికి వచ్చింది. కొడుతుందని నిలబడ్డాను. కొట్టలేదు. నా చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూసింది, వాటికి ఏదైనా రోగముందేమోనని చూసినట్టు. తర్వాత వదిలేసింది.

డాక్టరమ్మ గోడ దగ్గరికి వెళ్ళి ఏడో నెలలో అంటించిన కాగితం చింపింది. మూడు గీతలూ కలిపే చింపింది.

"ఇది నువ్వు ఒక్కడివే చేశావని చెప్పి నేను తప్పించుకోను," అంది నాతో. "నా ముందు మూడు వీధులున్నాయి. నేను మూడు రకాల నెత్తురు చూశాను. ఒక వీధి మాత్రం ఎందుకు వేరుగా ఉందని మనిషిని పంపి అడగాల్సింది. రంగు చూసి సరిపెట్టుకున్నాను."

సెలెస్తవ్వ మాత్రం ఇంకా ఓదెలు సారు వైపే చూస్తోంది. నేను తాగలేదా సారూ అని అడిగింది. లేదమ్మా అన్నాడాయన. ఆమె కళ్ళు తుడుచుకుంది. తర్వాత అడిగింది, మరి నాకేమైందని. ఆయన ఎర్ర అట్ట పుస్తకం మూసి డాక్టరమ్మ వైపు జరిపాడు.

10వ నెల, 15

ఉన్న చుక్కలను మూడు వీధులకూ సమంగా పంచారు. ఒక్కొక్కరికి ఐదు వచ్చాయి.

ఐదు. మొదటి రెండు వీధులవాళ్ళు ఒక్కొక్క చుక్క వదులుకుంటే సరిపోయేది. కాగితం మీద ఆ లెక్క చూసి తాతకు చెప్పాను. ఆయన మంచం మీద కూర్చుని నోట్లో నాలుక తిప్పుకున్నాడు.

"ఒక్క సుక్కనా రా? గా ఒక్క సుక్క నన్నడిగితే నేనియ్యకపోదునా?"

ఈ మూడు నెలలూ తాగిన ఆరో చుక్క ఎవరిదో ఆయనకు ఇప్పుడు తెలిసింది. రాత్రి అన్నం ముట్టుకోలేదు.

10వ నెల, 20

చుక్కల పని నుంచి నన్ను తీసేశారు. సంపు అడుగున బురద తోడే పనిలో వేశారు. అది శిక్షని ఎవరూ అనలేదు.

పోయేముందు డాక్టరమ్మ ఒక పని చెప్పింది. ఎర్ర అట్ట పుస్తకాలు తీసి, మూడో వీధిలో నేను కల్పించిన ప్రతి అంకెనూ కొట్టేసి, పక్కన 'తెలియదు' అని రాయాలి. ఎదురుగా ఇల్దక్క కూర్చుంది, నేను ఏ ఒక్కటీ వదలకుండా. రెండు రోజులు పట్టింది. నిరుడు ఎనిమిదో నెలలో ఆ ముసలాయన దగ్గర నేను తీసుకున్న జవాబు ఒక్కటి అలాగే ఉంది. సెలెస్తవ్వకు పోయిన నెల వేసిన ఎనిమిది కొట్టేసి మూడు వేశాను. మిగిలినవన్నీ తెలియదు, తెలియదు, తెలియదు. వేళ్ళకు కాయ కాచింది. ఇల్దక్క మధ్యలో ఒకసారి మాత్రం మాట్లాడింది. పోయినేడు చనిపోయిన వాళ్ళ మేనమామ పేరు వచ్చినప్పుడు, ఆయన కూడానా అంది. ఔనక్కా అన్నాను.

కొత్తగా చుక్కలకు వచ్చిన అమ్మాయి మూడో వీధిలో ఇవాళే పరీక్షలు మొదలుపెట్టింది. మొదటి పదిమందిలో ఎవరికీ ఆరు దాటలేదట. మా వీధిలాగే. అందరిలాగే.

10వ నెల, 28

పోయిన మతి తిరిగి వస్తుందా అని ఇల్దక్క డాక్టరమ్మను అడిగిందట. కొందరికి కొంత అందట.

సెలెస్తవ్వకు డ్యూటీ లేదు. అయినా రోజూ షిఫ్టు మారే వేళకు ఇల్దక్క వెంట సంపు దాకా వస్తుంది, వాల్వుల వైపు ఒకసారి చూసి వెనక్కి పోతుంది. ఇవాళ తిరిగి వెళ్ళేటప్పుడు తోడు నన్ను వెళ్ళమంది ఇల్దక్క. వేరే ఎవరూ లేక చెప్పింది. వాలుగా ఉన్న దారి, తడి. ఆమె నా మోచెయ్యి పట్టుకుని నడిచింది. నా ఒంటి నిండా బురద.

ఇవాళ ఆమెకు బాగున్న రోజు. అలాంటి రోజులు కళ్ళలో తెలిసిపోతాయి.

"మొగిలీ," అంది. "లాంప్ రూమ్ కాడ మాకు సగం సాలని జెప్పింది నేనే గదా."

"నువ్వే అవ్వా."

"నా మాట మీద అందరు సగమే తాగిండ్రు. ఆ పొద్దు నేను మంచిగనే ఉన్ననా? తెలివితోటి జెప్పిన్నా, తెలివి తప్పి జెప్పిన్నా?"

అవునని చెబితే, తెలివిలో ఉండే తన వీధిని ముంచానని మిగిలిన రోజులంతా మోస్తుంది. కాదని చెబితే, అంతమంది చప్పట్లు కొట్టిన ఆమె మాట ఒక పిచ్చిదాని మాట అయిపోతుంది. రెండింట్లో ఏది కాస్త తేలికగా ఉంటుందా అని వెతికాను. వెతుకుతున్నప్పుడే అర్థమైంది, క్యాంటీన్‌లో కూర్చుని నేను చేసిన పని ఇదేనని.

"తెల్వదవ్వా," అన్నాను.

ఆమె ఆగింది. గోడ పట్టుకుని నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో. పంపు దగ్గర ఎవరైనా పనివాడు చిన్న తప్పు చేస్తే చెప్పినట్టే చెప్పింది.

"నువ్వే గద బిడ్డా సూడాల్సినోనివి."

తర్వాత మళ్ళీ నా మోచెయ్యి పట్టుకుంది. దారి ఇంకా చాలా ఉంది.